గుండె యంత్రమును దేనితో నింపవలెను?

సూరత్ నగరములోని ఉధ్నాలో పవర్‌లూములపై పనిచేయు తెలుగు కుటుంబములు పెక్కు కలవు. అట్టి యొక యింట గుండెలో రంధ్రముతో పుట్టిన శిశువునకు శస్త్రచికిత్స నిశ్చయమైనచో, రక్తము కావలెనని వైద్యులు ముందుగనే చెప్పుదురు. పెద్దలకు అట్టి చికిత్సయే జరిగినపుడు ఒక్కొక్కప్పుడు పరుల రక్తము అక్కరయే లేకపోవును. ఇంత చిన్నబిడ్డకు రక్తమేల యని బంధువులు సందేహించుట సహజము.

గుండెను తెరచి బాగుచేయునపుడు దాని పనిని, ఊపిరితిత్తుల పనిని ఒక యంత్రము నిర్వహించును. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ దీనితో తొలి విజయము సాధించెను. యంత్రపు గొట్టములలోని గాలి రక్తములో కలిసి మెదడునకు చేరినచో ప్రాణాపాయము. కావున రోగికి తగిలింపకముందే వానిని ద్రవముతో నింపి, బుడగలను వెడలగొట్టవలెను.

తొలినాళ్లలో దాతల రక్తముతోనే నింపెడివారు. ఒక్క రోగికై పలువురు దాతలు కావలసివచ్చెడిది. 1960లో ఓక్లహోమాలో డాక్టర్ నజీ జుహ్దీ రక్తమునకు మారుగా గ్లూకోజు నీటిని వాడెను. రక్తము పలుచబడినను రోగులు కోలుకొనిరి. అయితే గ్లూకోజు వలన రక్తములో చక్కెర హెచ్చును. వట్టి ఉప్పునీరు అధికమైనచో ఆమ్లత్వము పెరుగును. అందుచేత నేడు రింగర్ లాక్టేట్ వంటి, లవణముల పాలు రక్తమునకు దగ్గరగా నుండు ద్రవములనే ఎక్కువగా వాడుచున్నారు. గడ్డకట్టకుండ హెపారిన్ చేర్చుదురు. ఒకప్పుడు పేరుపొందిన గంజిపిండి ద్రావణములు మూత్రపిండములకు కీడు చేయునని, రక్తస్రావము పెంచునని తేలుటచే వెనుకబడినవి.

ఇక లెక్క చూడుడు. పెద్దవాని దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. యంత్రమున లీటరుంబావు ద్రవము పోసినచో 14 గ్రాముల హిమోగ్లోబిన్ 11కు దిగును, అది తట్టుకొనదగినదే. మూడు కిలోల శిశువునకు ఉన్న రక్తమే పావు లీటరు. గొట్టములను ఎంత కురుచ చేసినను, వానిలోనికి మరి పావు లీటరు పట్టినచో రక్తము సగమునకు పలుచబడును. అందుకే శిశువుల యంత్రములో దాత రక్తకణములను కలుపుదురు. రక్తహీనత గల పెద్దలకును ఇదే చిక్కు. హిమోగ్లోబిన్ 9 గ్రాములే యున్న కార్మికుడు, వ్యవధి యున్నచో, వైద్యుని సలహాపై ముందే దానిని పెంచుకొనుట మేలు.

పరాయి ఊరిలో దాతలు దొరకరని డబ్బిచ్చి రక్తము కొనబోవుట తగదు. 1998 జనవరి 1 నుండి వృత్తిదాతలు నిషిద్ధులు. 18 ఏండ్లు నిండి, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతుడు, మగ్గముపై తోటివాడైనను, పరీక్ష పిమ్మట రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇయ్యవచ్చును.