కార్వాన్ ఎండలో ప్రాసెసర్ కూలర్ కథ

ప్రాసెసర్ కూలర్లను పరీక్షించి అంకెలు ప్రకటించేవాళ్ల గది సాధారణంగా ఇరవై, ఇరవై రెండు డిగ్రీల్లో ఉంటుంది. హైదరాబాదు కార్వాన్‌లో మే నెల మధ్యాహ్నం, పొద్దున్నించీ కాగిన స్లాబు కింద ఒక్క సీలింగ్ ఫ్యానుతో నడిచే గది నలభైకి చేరడం మామూలే. రెండు గదులకీ తేడా కనీసం పద్దెనిమిది డిగ్రీలు. ఓవర్‌క్లాకింగ్ మోజు పట్టిన కుర్రాడు ఏ ప్రాసెసరు, ఏ బోర్డు, ఏ కూలరు అని వారాల తరబడి వీడియోలు చూస్తాడు గానీ, ఈ పద్దెనిమిది డిగ్రీల్ని మాత్రం లెక్కలో వేసుకోడు.

గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ని గదిలో గాలికన్నా చల్లగా ఉంచలేదు. నీళ్ల కూలరూ అంతే. నీళ్లు వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, అక్కడ మళ్లీ గది గాలే దిక్కు. డబ్బు పోసి కొనే ఖరీదైన కూలర్ చేసేదల్లా, గది వేడికి పైన ఇంకెన్ని డిగ్రీలు చేరతాయన్న సంఖ్యను తగ్గించడమే. కాబట్టి కార్వాన్‌లో కంప్యూటర్ కట్టేవాడికి బిల్లులో కనబడని మొదటి విడిభాగం గదిలో గాలి.

కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి ప్రాసెసర్‌ని నడపాలన్న ఈ ఓవర్‌క్లాకింగ్ కోరిక పాతదే. 1984లో ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. బోర్డు మీద 12 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికం ఉండేది. 80286 ప్రాసెసర్ అందులో సగం వేగంతో పనిచేసేది. కొందరు ఆ స్ఫటికం పీకేసి 16 మెగాహెర్ట్జ్‌ది పెట్టారు. యంత్రం 8 మెగాహెర్ట్జ్‌తో పరిగెత్తింది. ఐబీఎంకి ఇది రుచించలేదు. తరవాతి బయోస్‌లో వేగాన్ని కొలిచి, ఎక్కువైతే మొరాయించే పరీక్ష ఒకటి పెట్టింది. ఇందులో వేడి ప్రస్తావన ఎక్కడా లేకపోవడం గమనించాలి. ఆ చిప్పుల నెత్తిన కూలర్ అన్నదే లేదు. ఇంకా వెనక్కి వెళితే, చల్లబరచడం యంత్రం పని కాదు, గది పని. 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ వరస కంప్యూటర్లు తయారుచేసిన కాలంలో కంప్యూటర్ అంటే ఏసీ గది, గుమ్మం బయట విడిచిన చెప్పులు.

486 ప్రాసెసర్ల కాలంలో చిప్పు మీదికి చిన్న అల్యూమినియం రెక్కల పలక ఎక్కింది. 1993లో పెంటియమ్ వచ్చి పదహారు వాట్ల దాకా వేడి కక్కడంతో దానికి ఫ్యాన్ తోడైంది. 1998 ఆగస్టులో ఇంటెల్ చవకరకం సెలెరాన్ 300ఏ వదిలింది. బోర్డు బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 మీద నడిచేది. చాలా చిప్పులు వోల్టేజి పెంచకుండానే ఒప్పుకునేవి. సరిగ్గా అదే నెలలో విడుదలైన 450 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 2 ధర దానికి కొన్ని రెట్లు. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇప్పటికీ జనం మనసులో మెదిలేది ఆ యాభై శాతం ఉచిత లాభమే. అది మళ్లీ రాలేదు. రాదు కూడా అని నా అభిప్రాయం.

కారణం 2004లో బయటపడింది. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వోల్టేజి తగ్గించుకుంటూ పోవచ్చు, కాబట్టి వేగం పెరిగినా వేడి పెరగదు అని 1974లో రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపించింది. ముప్పై ఏళ్లపాటు పరిశ్రమంతా దాని మీదే బతికింది. తీరా ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడేసరికి ఆపినా ఆగని కరెంటు కారడం మొదలైంది. వోల్టేజి ఇక దిగనంది. ప్రెస్కాట్ అనే పెంటియమ్ 4 వంద వాట్లు దాటింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాది అక్టోబరులో మాట వెనక్కి తీసుకుంది. అక్కణ్నించి వేగం బదులు కోర్ల సంఖ్య పెరిగింది. కూలర్ మాత్రం ఏటేటా లావెక్కింది.

అలా లావెక్కడానికి దారి చూపించిన ఆవిష్కరణ కంప్యూటర్ కోసం పుట్టింది కాదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్, అంతరిక్షంలో వాడే అణు విద్యుత్ యంత్రాల నుంచి వేడిని బయటికి లాగే మార్గం వెతుకుతూ హీట్ పైప్‌ని తయారుచేశాడు. అలాంటి ఊహకే జనరల్ మోటార్స్‌లో రిచర్డ్ గాగ్లర్ 1940లలో పేటెంటు తీసుకున్నాడు, కానీ అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇవాళ మనం కొనే కూలర్‌లోని హీట్ పైప్ చూడటానికి వట్టి రాగి గొట్టం. లోపల గాలి తీసేసి, కొద్దిగా నీళ్లు పోసి, రెండు కొసలూ మూసేస్తారు. లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికించిన స్పాంజిలాంటి పూత ఉంటుంది. పీడనం తక్కువ కాబట్టి, మనం వెచ్చన అనుకునే వేడికే అందులో నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి గొట్టం రెండో కొసకు దూకి, రెక్కల దగ్గర చల్లబడి, మళ్లీ నీరై ఆ పూతలోంచి పాకుతూ వెనక్కి వస్తుంది. పంపు లేదు, కరెంటు లేదు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి మింగుతుంది; అంటే వంద వాట్లు మోయడానికి సెకనుకు గ్రాములో ఇరవై నాలుగో వంతు నీరు తిరిగితే చాలు. కార్వాన్ ఇళ్ల కిటికీలకు బిగించిన ఎయిర్ కూలర్ తడిసిన గడ్డిలోంచి గాలి లాగి చేసేదీ ఈ పనే. కాకపోతే ఆ నీళ్లు గాలిలో కలిసిపోతాయి, ఈ గొట్టంలోవి ఏళ్ల తరబడి అక్కడే తిరుగుతాయి.

ఈ శాస్త్రంలో మనకు చెవికి తెలిసిన ఇంటిపేరు ఒకటుంది. ఐఐటీ మద్రాసులో 1985లో ఇంజనీరింగ్ చదివిన సురేశ్ గరిమెళ్ళ, అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో కూలింగ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌ని నెలకొల్పాడు. వెంట్రుక మందం కాలవల్లో ద్రవాన్ని మరిగించి చిప్పు వేడిని లాగడం మీద ఆ కేంద్రం ఏళ్ల తరబడి పనిచేసింది.

వేడి సంగతి వచ్చింది కాబట్టి కార్వాన్ పాత వ్యాపారాన్ని తలుచుకోక తప్పదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకూ మూసీకీ మధ్య బిడారులు దిగే చోటు ఇది. రత్నాల వర్తకులు ఇక్కడ కాపురం ఉండేవాళ్లు. ఆ సంపన్న కాలానికి గుర్తుగా 1671 నాటి టోలీ మసీదు ఇంకా నిలిచే ఉంది. ఆ వర్తకులు చేతులు మార్చిన వజ్రం వేడిని మోయడంలో రాగికన్నా సుమారు అయిదు రెట్లు మేలైనది, అయినా కరెంటును పోనివ్వదు. చిప్పుకు అంతకన్నా మంచి నేస్తం లేదు. అందుకే ప్రయోగశాలలో పెంచిన వజ్రపు పలకల్ని కొన్ని ప్రత్యేక ఎలక్ట్రానిక్ పరికరాల కింద వాడుతున్నారు. వజ్రాల్ని ఏరినట్టే చిప్పుల్నీ ఏరతారు. ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన చిప్పుల్లో కొన్ని తక్కువ వోల్టేజికే ఎక్కువ వేగం అందుకుంటాయి, కొన్ని అందుకోవు. కంపెనీ పరీక్షించి, మేలురకాన్ని పెద్ద పేరుతో, మిగతాదాన్ని చిన్న పేరుతో అమ్ముతుంది. సెలెరాన్ రోజుల్లో ఈ ఏరివేత ముతకగా సాగేది, మంచి రాళ్లు చవక సంచిలో దొరికేవి. ఇప్పుడు ఏరేవాడి కన్ను పదునెక్కింది.

అందుకని కొత్తవాడు ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు వేగం అంకెకన్నా ముందు వాట్ల అంకె చూడాలి. ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న చిప్పుకీ, జెడ్ వరస చిప్‌సెట్ బోర్డుకీ మాత్రమే సాధారణంగా వేగాన్ని నిర్ణయించే గుణకం మార్చే స్వేచ్ఛ ఉంటుంది. ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి తాళం ఉండదు, కానీ ఏ520 లాంటి ఏ వరస బోర్డు కొంటే ఆ తాళం బోర్డు వేస్తుంది, బీ550 తీసుకోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ అనే సీటీసీకి వెళ్లేముందు ఇది రాసి పెట్టుకోవాలి. దుకాణంలో నిలబడ్డాక ఏ బోర్డు చేతికిస్తే అదే బాగుందనిపిస్తుంది.

రైజెన్ 5 5600 తీసుకుందాం. అరవై అయిదు వాట్ల చిప్పు అని పెట్టె మీద ఉన్నా, అసలు అంతకన్నా ఎక్కువే తాగడానికి దానికి అనుమతి ఉంది; లెక్క కోసం 88 వాట్లు అనుకుందాం. వేడి హద్దు 90 డిగ్రీలు. వాటుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కించే కూలర్ ఉందని ఊహిద్దాం. 88 వాట్లకు 44 డిగ్రీలు. ఇరవై రెండు డిగ్రీల గదిలో చిప్పు 66 మీద హాయిగా ఉంటుంది. నలభై డిగ్రీల కార్వాన్ గదిలో 84. ఇంకా ఏమీ పెంచలేదు సుమా.

ఇప్పుడు 4.4 గిగాహెర్ట్జ్‌ని 4.6 చేద్దామని వోల్టేజిని 1.2 నుంచి 1.3కి పెంచాం అనుకోండి. వేడి వేగంతో అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వోల్టేజితో వర్గంగా పెరుగుతుంది. వేగం పెరిగింది నాలుగున్నర శాతం; వాట్లు 88 నుంచి 108 అయ్యాయి. 54 డిగ్రీలు గది మీద కలిస్తే 94. హద్దు దాటింది, చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మనం పెంచింది పోతుంది. వాటుకు 0.4 డిగ్రీల మెరుగైన కూలర్ పెడితే 83. అదీ కాదని వోల్టేజిని 1.1కి దించి, వేగం ముట్టుకోకుండా వదిలేస్తే వాట్లు 74కి పడతాయి, పాత కూలర్ మీదే 77. లెక్క కోసం తీసుకున్న అంకెలే ఇవి. ఏ చిప్పు ఎంత వోల్టేజికి నిలుస్తుందో దాన్ని ఏరినప్పుడే తేలిపోయింది. అయినా మా ఎండకు నేను వోటేసేది ఈ చివరిదానికే. రైజెన్ 5000 వరసతో 2020లో వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగు ఈ దారిలోనే ఇంకో అడుగు వేస్తుంది: వోల్టేజి తగ్గిస్తే మిగిలిన వేడి జాగాలోకి చిప్పు తనే వేగం పెంచుకుంటూ పోతుంది.

ఓవర్‌క్లాకింగ్ ఫ్యాక్టరీలోనే అయిపోతోందనడానికి 2024 ఒక సాక్ష్యం. ఆరు గిగాహెర్ట్జ్ దాకా తోసిన ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని, హెచ్చు వోల్టేజికి లోపల అరిగి, నిలకడ తప్పాయి. ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అటువైపు, 2022 డిసెంబరులో 13900కె చిప్పును ద్రవ హీలియంతో చల్లబరిచి 9 గిగాహెర్ట్జ్ దాటించిన రికార్డూ ఉంది. అది సర్కస్. చూసి చప్పట్లు కొట్టొచ్చు.

కూలర్ విషయంలో నా ఓటు నాలుగు నుంచి ఆరు హీట్ పైపులున్న టవర్ రకానికి. డీప్‌కూల్ ఏకే400, ఇంకాస్త పెద్దదైతే రెండు ఫ్యాన్ల థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ లాంటివి. నీళ్ల కూలర్‌లో పంపు ఆగితే కథ అక్కడితో సరి; టవర్‌లో ఫ్యాన్ ఆగినా లోహం మిగిలి ఉంటుంది, వీధి చివర దుకాణంలో ఇంకో ఫ్యాన్ దొరుకుతుంది. కొనేముందు క్యాబినెట్ వెడల్పు కొలవాలి: ఈ టవర్లు 155 మిల్లీమీటర్లు, ఆపైన ఎత్తుంటాయి. ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్ అందంగా ఉంటుంది, ఊపిరాడదు. జాలీ ముఖం ఉన్నదే కావాలి, దుమ్ము ఎక్కువైనా సరే. దుమ్ము దులపొచ్చు. థర్మల్ పేస్టు ఖరీదు గురించి వాదించడం దండగ. రెండు లోహాల మధ్య గరుకు సందుల్లో ఉండిపోయే గాలిని తరిమేయడమే దాని పని, పలచగా ఉంటే చాలు. అంతకన్నా ముఖ్యం, కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర పీకడం. నవ్వకండి, మరిచేవాళ్లు బోలెడు.

బోర్డు మీద ప్రాసెసర్ పక్కన వరసగా కూర్చునే మాస్‌ఫెట్‌లను ఎవరూ పట్టించుకోరు. 1.3 వోల్టుల దగ్గర 108 వాట్లంటే ఎనభై ఆంపియర్లకు పైమాట, అంత కరెంటూ వాటిలోంచే వెళ్తుంది. చిప్పుతో వచ్చే పొట్టి కూలర్ కిందికి ఊదుతూ వాటికీ గాలి పంచేది. టవర్ అడ్డంగా ఊదుతుంది, వాటి వాటా పోతుంది. కాబట్టి వాటి నెత్తిన లోహపు కవచం ఉన్న బోర్డే ఎంచుకోవాలి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం పిసినారితనం వద్దు. పోతే అది ఒక్కటే పోదు. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే మిగతా మాట.

ఎయిర్ కూలర్ గాలి తేమకు కంప్యూటర్ తడిసిపోతుందని భయపడేవాళ్లున్నారు. నీటి బిందువులు గాలికన్నా చల్లటి వస్తువు మీదే పడతాయి. పనిచేస్తున్న హీట్‌సింక్ ఎప్పుడూ గాలికన్నా వేడి. గది పది డిగ్రీలు చల్లబడితే చిప్పూ దాదాపు అంతే చల్లబడుతుంది. నీటి తుంపర క్యాబినెట్ మీద నేరుగా పడకుండా చూసుకుంటే సరి. తడి దుమ్ము రెక్కలకు పట్టుకుంటుంది కాబట్టి వేసవిలో తరచు దులపాలి. ఐసు ముక్కలు పెట్టడం లాంటి తెలివితేటలు మాత్రం చూపించొద్దు, అప్పుడు నిజంగానే తడుస్తుంది.

ఇక వేగం పెంచడమంటారా, ఒకసారికి ఒక్క మెట్టే. ప్రతి మెట్టుకీ ప్రాసెసర్‌ని పూర్తిగా శ్రమపెట్టే సినీబెంచ్, ఆపైన గంటసేపు ప్రైమ్95 నడిపి, వేడి అంకె చూస్తూ కూర్చోవాలి. డిసెంబరులో ఈ పరీక్ష నెగ్గిన సెట్టింగు ఏప్రిల్ దాటాక కూలబడుతుంది, అప్పుడు జనం చిప్పును తిడతారు. చాలా బోర్డుల బయోస్‌లో సెట్టింగుల్ని పేరు పెట్టి దాచుకునే గళ్లు ఉంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం, ఎయిర్ కూలర్ ఆపేసి పరీక్షించినదాన్ని మొదటి గడిలో పెట్టి, చలికాలపుదాన్ని రెండో గడిలో ఉంచుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ మొదటిదానితోనే లేవాలి.