సౌనా స్నానం, మంచు మునక: ఎవరికి మేలు? ఎవరికి ముప్పు?

ఆ రోజు ఓ.పి. ముగిసే వేళకు మన సంఘపు పెద్ద ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, భార్యతో కలిసి వచ్చారు. ఆరు నెలల క్రితం ఆయనకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారు. ఉదయం పూట చర్చి దాకా నడిచి వస్తున్నారు. బి.పి. అదుపులోనే ఉంది. ఆయన వచ్చింది జబ్బు గురించి కాదు, ప్రయాణం గురించి.

"డాక్టరమ్మగారూ, మా అమ్మాయి వాళ్ళు ఫిన్లాండులో ఉన్నారు కదా. క్రిస్మస్‌కు రమ్మని టిక్కెట్లు పంపారు. అక్కడ ఇళ్ళల్లో సౌనా అని ఒక వేడి గది ఉంటుందట. గుండెకు చాలా మంచిదని అల్లుడుగారు చెప్పారు. అందులోంచి వచ్చి మంచునీళ్ళలో మునిగితే ఇంకా మంచిదట. నేను చేయవచ్చా?"

ఆయన భార్య మధ్యలో అందుకున్నారు. "ఇక్కడ డిసెంబరులో చన్నీళ్ళంటే బకెట్ దగ్గరికే వెళ్ళరు. అక్కడికెళ్ళి మంచులో దూకుతారట. మీరైనా చెప్పండమ్మా!"

ఈ ప్రశ్న మాస్టారిది ఒక్కరిదే కాదు. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ జిమ్ములలో కూడా ఇప్పుడు సౌనా గదులు, ఐసు తొట్టెలు కనబడుతున్నాయి. మన సంఘపు యువకులు సెల్‌ఫోనులో వీడియోలు చూసి డ్రమ్ములో ఐసు గడ్డలు వేసుకుని కూర్చుంటున్నారు. అందుకే ఆయనకు చెప్పిన సంగతులను కాస్త వివరంగా మన పాఠకులందరికీ చెబుతున్నాను.

అసలు సౌనా అంటే ఏమిటి?

ఫిన్లాండు జనాభా సుమారు 55 లక్షలు. అక్కడ ఉన్న సౌనాలు సుమారు 30 లక్షలు. అంటే మనకు ఇంటికో వంటగది ఎలాగో వారికి సౌనా అలాగ. 2020లో యునెస్కో సంస్థ ఫిన్లాండు సౌనా సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. పూర్వం అక్కడి పల్లెల్లో స్త్రీలు సౌనాలోనే ప్రసవించేవారు. ఇంటిలో అన్నిటికన్నా శుభ్రమైన, వెచ్చనైన చోటు అదే కాబట్టి. మన పాతకాలపు మంత్రసానులు కాన్పుకు గది వెచ్చగా ఉంచడం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

చెక్కతో కట్టిన చిన్న గది. ఒక మూల పొయ్యి, దానిమీద కాలిన రాళ్ళు. గోడ వారగా మెట్లు మెట్లుగా బల్లలు. గదిలో వేడి 80 నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉంటుంది. మధ్య మధ్య రాళ్ళమీద గరిటెడు నీళ్ళు చల్లితే భగ్గుమని ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిని వాళ్ళు "లోయ్‌లు" అంటారు.

"అమ్మో, 100 డిగ్రీలంటే నీళ్ళు మరిగే వేడి కదా, ఒళ్ళు ఉడకదా?" అని మాస్టారు వెంటనే అడిగారు. లెక్కల మాస్టారు కదా! ఆ గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలి నీళ్ళంత త్వరగా ఒంటికి వేడిని అందించలేదు. పైగా చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయి చర్మాన్ని కాపాడుతుంది. అదే ఆవిరి నిండిన గదిలోనైతే చెమట ఆరదు. అందుకే స్టీమ్ బాత్ గదిలో 45 డిగ్రీలకే ఉక్కిరిబిక్కిరి అవుతాము.

గుండెకు మంచిదేనా?

సౌనాలో కూర్చున్నప్పుడు చర్మంలోని రక్తనాళాలు విప్పారతాయి. ఒంటిని చల్లార్చడానికి గుండె రక్తాన్ని చర్మంవైపు తోడుతుంది. నాడి నిమిషానికి 100 దాటుతుంది, ఒక్కోసారి 150 వరకూ పోతుంది. కదలకుండా కూర్చున్నా గుండెకు మాత్రం వేగంగా నడిచినట్టే. అర లీటరు దాకా చెమట పోవచ్చు. బయటికి వచ్చాక బి.పి. కొంత తగ్గుతుంది. కండరాలు సడలి హాయిగా నిద్ర పడుతుంది.

అల్లుడుగారు చెప్పింది కూడా గాలిమాట కాదు. తూర్పు ఫిన్లాండులోని కువోపియో ప్రాంతంలో 2,315 మంది నడివయసు పురుషులను సుమారు 20 సంవత్సరాలు గమనించారు. యారి లౌక్కనెన్ అనే డాక్టరు, ఆయన తోటివారు ఆ ఫలితాలను 2015లో ప్రకటించారు. వారానికి ఒకసారి సౌనాకు వెళ్ళేవారితో పోలిస్తే, రెండు మూడుసార్లు వెళ్ళేవారిలో గుండె ఆగి హఠాత్తుగా చనిపోవడం 22 శాతం తక్కువ. నాలుగు నుండి ఏడుసార్లు వెళ్ళేవారిలో 63 శాతం తక్కువ.

ఈ అంకెలు చూసి తొందరపడకూడదు. రోజూ సౌనాలో కూర్చోగలవాడు మొదటినుంచే ఆరోగ్యవంతుడు, తీరిక ఉన్నవాడు కావచ్చు. ఆయాసం వచ్చేవాడు తానే మానుకుంటాడు. కనుక సౌనా వల్లనే అంత మేలు జరిగిందని ఈ ఒక్క పరిశీలనతో రుజువు కాదు.

ఇంకొక సంగతి ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. సౌనా ఫిన్లాండు వారికి తరతరాల అలవాటు. అయినా 1960లలో గుండెజబ్బుతో చనిపోయే పురుషుల సంఖ్యలో ప్రపంచంలో ముందున్న దేశాలలో ఫిన్లాండు ఒకటి. అందులోనూ తూర్పునున్న ఉత్తర కరేలియా జిల్లా మరీ ఘోరం. వెన్న, ఉప్పు, పొగాకు వారి కొంప ముంచాయి. 1972లో పెక్కా పుస్కా అనే యువ డాక్టరు ఆధ్వర్యంలో అక్కడ ఒక కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి వెన్న తగ్గించమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, సిగరెట్లు మాన్పించారు, బి.పి.కి మందులు ఇచ్చారు. తరువాతి 40 ఏళ్ళలో పనిచేసే వయసు పురుషులలో గుండెపోటు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. సౌనా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది కంచంలోని కూడు, నోట్లోని పొగ.

మాస్టారు ఈ మాట విని ఆవకాయ సంగతి ఎత్తుతానేమోనని అటు తిరిగి కూర్చున్నారు. నేనూ ఆ రోజుకు ఎత్తలేదు.

ఎవరు వెళ్ళకూడదు?

గుండెపోటు వచ్చి కొద్ది వారాలే అయినవారు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు (మనవైపు చిన్నతనంలో కీళ్ళవాతం వల్ల కవాటాలు చెడినవారు తక్కువేమీ కాదు) సౌనా జోలికి వెళ్ళకూడదు. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు ఎవరికీ పనికిరాదు. గర్భిణీ స్త్రీలు, ముఖ్యంగా మొదటి మూడు నెలలలో, ఒళ్ళు బాగా వేడెక్కే స్నానాలు మానాలి. ఆ నెలల్లో తల్లి ఒంటి వేడి ఎక్కువైతే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడకపోయే ప్రమాదం ఉంది. సంతానం కోసం చూస్తున్న పురుషులకు కూడా ఒక హెచ్చరిక. వృషణాలకు వేడి తగిలితే వీర్యకణాలు తగ్గుతాయి. మానేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ కోలుకుంటాయి.

మందులు వాడేవారు మరికొంత జాగ్రత్తపడాలి. నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు, బి.పి. మాత్రలు, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వేసుకున్నవారు వేడి గదిలోంచి చటుక్కున లేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. చర్మానికి అంటించుకునే మందు పట్టీలు వేడికి మందును ఎక్కువగా వదులుతాయి. ఇన్సులిన్ కూడా వేడిలో త్వరగా ఒంటబట్టి షుగరు పడిపోవచ్చు.

ఇక మద్యం. ఫిన్లాండులో సౌనా మరణాలను పరిశీలిస్తే దాదాపు సగం మంది తాగి ఉన్నవారే. మన పత్రిక చదివే ఇళ్ళల్లో ఈ మాట అక్కరలేదనుకోవాలని ఉంది గాని, ఓ.పి.లో కూర్చునేదాన్ని కనుక రాస్తున్నాను.

పంతానికి పోయి కూర్చోవడం మరొక ప్రమాదం. ఫిన్లాండులోని హెయినోలా పట్టణంలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో చూసే ప్రపంచ పోటీలు జరిగేవి. 2010లో 110 డిగ్రీల వేడిలో తుది పోటీకి కూర్చున్న ఇద్దరూ కుప్పకూలారు. రష్యా దేశస్థుడు చనిపోయాడు. ఫిన్లాండు దేశస్థుడు తీవ్రమైన కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు. ఆ పోటీలు అంతటితో ఆగిపోయాయి.

మంచు మునక మాటేమిటి?

చలికాలంలో అక్కడ గడ్డకట్టిన చెరువుకు రంధ్రం చేసి అందులో మునిగి వస్తారు. చిన్నప్పటినుండి అలవాటున్నవారికి అది సరదా. అలవాటు లేని మనిషి 15 డిగ్రీలకన్నా చల్లని నీళ్ళలో ఒక్కసారిగా దిగితే మొదటి అర నిమిషంలోనే ఊపిరి గుప్పున లోపలికి లాగేస్తాడు, దానిని ఆపుకోలేడు. ఆ క్షణంలో ముఖం నీళ్ళలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరే పోతుంది. ఈత బాగా వచ్చినవారు కూడా ఇలా చనిపోయారు. నాడి, బి.పి. ఒక్కసారిగా ఎగబాకుతాయి. ముఖం కూడా మునిగితే గుండెను నెమ్మదించమని మరొక నరం చెబుతుంది. ఒకవైపు పరుగెత్తమని, ఒకవైపు ఆగమని రెండు ఆజ్ఞలు ఒకేసారి అందితే గుండె లయ తప్పవచ్చు. ఇంగ్లండులోని పోర్ట్‌స్మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ అనే శాస్త్రవేత్త ఈ విషయంపై ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నారు. చన్నీటి ప్రమాదాలలో చాలావరకు ఒళ్ళు గడ్డకట్టడం వల్ల కాక, ఈ మొదటి నిమిషాల్లోనే జరుగుతాయని ఆయన పదేపదే హెచ్చరించారు.

వేడి గదిలో విప్పారిన రక్తనాళాలు చన్నీటిలో ఒక్కసారిగా బిగుసుకుంటాయి. స్టెంటు వేసిన గుండెకు ఈ కుదుపు వద్దు.

యువకులకు ఒక మాట. చన్నీటిలో కూర్చుంటే వ్యాయామం తరువాత వచ్చే కండరాల నొప్పి తగ్గుతుంది, నిజమే. కాని కండలు పెంచాలని బరువులెత్తేవారు ప్రతిసారీ వెంటనే ఐసులో కూర్చుంటే కండ సరిగా పెరగదని 2015లో ఒక పరిశోధన తేల్చింది. డబ్బిచ్చి ఐసు కొని, పడ్డ కష్టాన్ని తగ్గించుకోవడమన్నమాట! నీళ్ళలో దిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదిలే పద్ధతి మరీ ప్రమాదం. స్పృహ తప్పి నీళ్ళలోనే ఉండిపోతారు. ఒంటరిగా ఎన్నడూ దిగవద్దు.

మన ఇళ్ళల్లో వేడినీళ్ళు, చన్నీళ్ళు

ఫిన్లాండు వెళ్ళేవారు కొందరే. మే నెలలో మన ఊళ్ళే సౌనాలు. ఇటుక బట్టీలో, మిరప చేలో పనిచేసేవారికి టిక్కెట్టు కూడా అక్కరలేదు. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. చన్నీళ్ళు నిజంగా ప్రాణం నిలబెట్టేది ఇక్కడే.

ఎండలో పనిచేస్తున్న మనిషి మాట తడబడి, తిక్కతిక్కగా ప్రవర్తించి, లేదా స్పృహ తప్పి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోను చేయండి. కాని అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, పశువుల కుడితి తొట్టి కానివ్వండి, బోరు పంపు కానివ్వండి, ఉన్న చన్నీళ్ళతో ఒళ్ళంతా తడపండి. వయసులో ఉన్న కూలి మనిషిని, తల పైకి పట్టుకుని, మెడదాకా నీళ్ళ తొట్టిలో ఉంచితే మరీ మంచిది. వృద్ధులకైతే తడి బట్టలు కప్పి విసురుతూ ఉండాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. ముందు చల్లార్చడం, ఆ తరువాతే ఆసుపత్రికి తరలించడం.

వేడినీళ్ళతో వచ్చే గాయాలు మాత్రం మన వార్డుల్లో ఏడాది పొడవునా ఉంటాయి. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవారు కాళ్ళ తిమ్మిరి పోతుందని వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుంటారు. చర్మం ఊడి వచ్చినా వారికి తెలియదు. కుష్ఠువ్యాధి నయమైనా స్పర్శ తిరిగిరానివారిదీ అదే కష్టం. యొర్దానులో మునిగిన నయమాను కథ మనకందరికీ తెలుసు. మన రోగులు వేసవిలో మునగడానికి కాదు, కాగులో కాలు పెట్టడానికే భయపడాలి. నీళ్ళ వేడిని ఇంట్లో స్పర్శ బాగున్నవారెవరైనా మోచేతితో చూసిన తరువాతే పాదం పెట్టండి. ఇక జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నెను పిల్లల ఒడిలో గాని, మంచం మీద గాని పెట్టవద్దు. 2020లో కరోనా భయంతో ఆవిరి పట్టబోయి ఒళ్ళు కాల్చుకున్న పిల్లలు ఎందరో.

మాస్టారికి ఏం చెప్పాను?

ఆయనకు ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయించాము. బాగానే ఉన్నాయి. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారు. కనుక సౌనాకు సరేనన్నాను. కొన్ని షరతులు చీటీ మీద రాసి ఇచ్చాను. వేడి తగ్గించిన గదిలో, వేడి తక్కువగా ఉండే అడుగు బల్ల మీద, మొదటి రోజు 5 నిమిషాలు, అలవాటైతే 10. ఎప్పుడూ ఒకరు తోడుండాలి. భోజనం చేసిన వెంటనే వద్దు. ముందు ఒక గ్లాసు, తరువాత రెండు గ్లాసుల నీళ్ళు. లేచేటప్పుడు ఒక నిమిషం కాళ్ళు కిందికి పెట్టి కూర్చుని లేవాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, తల తిరిగినా వెంటనే బయటికి. చెరువులో మునక మాత్రం లేదు. చల్లని షవరు కూడా వద్దు, వరండాలో నిలబడి మెల్లగా చల్లారితే చాలు.

ఆయన భార్య ఆ చీటీని తీసుకుని తన హ్యాండు బ్యాగులో భద్రంగా పెట్టుకున్నారు. "చెరువు సంగతి ఎర్ర సిరాతో రాయండమ్మా," అన్నారు. రాశాను.

జనవరి రెండో వారంలో ఇద్దరూ ఓ.పి.కి వచ్చారు. అల్లుడుగారు చెరువులో దూకుతుంటే మాస్టారు దుప్పటి కప్పుకుని ఒడ్డున టార్చిలైటు పట్టుకున్నారట. బి.పి. 130/80 ఉంది. బరువు మాత్రం మూడు కిలోలు పెరిగారు. ఈసారి ఆవకాయ సంగతి, కేకుల సంగతి రెండూ ఎత్తాను.