కురియుచున్న క్రొత్త బండి

పెంకుటిల్లు వానకు కురియుచున్నపుడు, బొట్టు పడుచున్న చోటికి సరిగా పైననే పెంకు పగిలియుండునని తలచి నిచ్చెన వేసికొని ఎక్కినవాడు తరచుగా ఆశాభంగము నొందును. పగిలిన పెంకు మరియొక మూల నుండును. అచ్చట దిగిన నీరు వాసము నంటి జారి, దూలమును చేరి, దాని అడుగున కొంతదూరము ప్రయాణము చేసి, ముడి యొకటి అడ్డము రాగానే బొట్టుగా రాలును. ఇల్లు కప్పువారికి ఈ సంగతి బాగుగా తెలియును. అందుచేత వారు బొట్టును చూచి ఊరకుండక, దాని త్రోవను వెదకుదురు.

మోటారు బండి కురిసినపుడును చేయవలసిన పని యిదియే. అందును కొండలు, ఇసుక నేలలు, వాగులు దాటుటకై నిర్మింపబడిన జీపు జాతి వాహనములలో ఈ వెదకులాట మిక్కిలి ఓర్పుతో కూడినది. లక్షలు పోసి కొన్న క్రొత్త బండి తొలివానకే లోపల తడిసినచో యజమానికి కలుగు కోపమును ఊహింపవచ్చును. కాని కోపము వలన రంధ్రము కనబడదు.

ఈ జాతికి మూలపురుషు డనదగిన జీపు 1941 లో అమెరికా సైన్యము కొరకు పెద్ద యెత్తున తయారు కాజొచ్చెను. దానికి గుడ్డకప్పు, ప్రక్కల తలుపులు లేవు. లోనికి వచ్చిన నీరు వచ్చిన దారినే పోవుచుండెను. సైనికుడు తడిసిన తడియును గాని, బండికి పెద్ద నష్టము లేదు. 1948 లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనబడిన ఆంగ్లేయుల లాండ్ రోవరును అల్యూమినియపు మిశ్రలోహపు రేకులను బోల్టులతో బిగించి కట్టిరి. రేకు చెడినచో విప్పి మార్చుకొనవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. అయినను అతుకు లెన్ని యున్నవో నీటికి ద్వారములును అన్నియే. నేటి బండ్లలోను కొన్నింటికి కప్పును, తలుపులను విప్పి తీయవచ్చును. పైగా ఎగుడుదిగుడు నేలపై నడచునపుడు బండి ఒడలు కొద్దిగా మెలి తిరుగును. అపుడు రబ్బరు పట్టీలు తమ పట్టును సడలించును.

నాటి జీపునకును నేటి బండికిని గల భేదము నేలలో నున్నది. నేడు నేలపై తివాచీ యుండును. దాని క్రింద దళసరి స్పాంజి యుండును. ఈ స్పాంజి నీటిని త్రాగి దినముల తరబడి దాచుకొనును. పైన తాకి చూచిన చేతికి కొద్దిపాటి చెమ్మయే తగులును. క్రింద మాత్రము చిన్న మడుగు నిలిచియుండును. ఆ మడుగులోనే విద్యుత్తీగల కట్టలు పోవుచుండును. కొన్ని బండ్లలో ఎలక్ట్రానిక్ పరికరముల పెట్టెలును ఆసనముల క్రిందనే అమర్పబడి యుండును. తీగల కొనలు చిలుము పట్టును, నేల రేకు త్రుప్పు పట్టును, బూజు వాసన పుట్టును. తెల్లవారి లోపలి అద్దములపై ఆవిరి క్రమ్ముకొని డ్రైవరుకు ముందున్న త్రోవ కనబడదు. ఇది ప్రాణాపాయమునకు కారణము కావచ్చును.

వెదకుటకు ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ నీరు నిజముగా వాననీరేనా? ఎండకాలమున చినుకైన పడకుండగనే ముందు ఆసనముల వద్ద నేల తడిసినచో, తప్పు శీతలీకరణ యంత్రమునది కావచ్చును. గాలిలోని తేమ దానియందు చల్లబడి నీరుగా మారి సన్నని గొట్టము ద్వారా నేలపై పడవలెను; గొట్టము పూడినపుడు ఆ నీరు బండిలోనికే పొరలును. తడి రంగు కలిగి, జిగటగా నుండి, తీపి వాసన కొట్టుచున్నచో అది ఇంజనును చల్లబరచు ద్రవము. అది విషము; రుచి చూచుట కూడదు. ఈ రెండును కానపుడే వానను అనుమానింపవలెను.

నీరు ఎల్లప్పుడును పల్లమునకే పారునని మనము నమ్ముదుము. సన్నని సందులలో ఈ నమ్మకము చెల్లదు. దీపపు వత్తి నూనెను పైకి లాగుకొనునట్లు, రెండు రేకుల నడుమనున్న వెండ్రుకవాసి సందు నీటిని ప్రక్కకును పైకిని లాగుకొనును. దీనినే కేశనాళికత యందురు. బండి వేగముగా పోవునపుడు గాలి యొత్తిడి మరియొక విధమున నీటిని తరుమును. కావున నిలిచియుండగా తడియుచున్నదా, పరుగులో మాత్రమే తడియుచున్నదా యని గమనించినవాని పని సగము తగ్గును.

ఇక పరీక్షకు ఇద్దరు మనుష్యులు కావలెను. తివాచీని ఎత్తి, లోపలి పలకలను కొన్నింటిని విప్పి, అంతయు పొడిగా తుడువవలెను. ఒకడు టార్చిలైటుతో లోపల కూర్చుండి తలుపులు మూసికొనును. రెండవవాడు బయట నుండి గొట్టముతో నీరు పోయును. నీరు మెల్లగా జారవలెను గాని పిచికారీవలె కొట్టరాదు. అట్లు కొట్టినచో మంచి అతుకునుండి సైతము నీరు లోనికి దూరి, లేని తప్పును చూపును. ముఖ్యమైన నియమము మరియొకటి: నీరు క్రిందినుండి మొదలిడి పైకి పోవలెను. మొదట కప్పుమీద పోసినచో అది కిటికీలపైని, తలుపులపైని, అతుకులన్నింటిపైని పారును. అపుడు దొంగ ఎవరో చెప్పుట ఎట్లు? తలుపు అడుగున కొన్ని నిమిషములు, పిదప కిటికీ అంచున, పిదప ముందు అద్దపు చుట్టును, కడపట కప్పు అతుకున పోయుచు ఆగి యాగి చూచినచో, లోపలివాడు కేక వేసినపుడు నీరు ఎచ్చట పడుచున్నదో అనుమానము మిగులదు.

తలుపుల విషయమున చాలమంది పొరబడుదురు. కిటికీ అద్దము ప్రక్కనుండి కొంత నీరు తలుపు గర్భములోనికి దిగుట సహజము. ఆ నీరు పోవుటకై తలుపు అడుగున చిన్న రంధ్రములు ఉంచబడినవి. లోపలివైపు ఒక పలుచని పొర ఆ నీటిని ఆసనముల వైపు రాకుండ ఆపును. రంధ్రములు బురదతో పూడినను, పొర ఊడినను నీరు లోనికి వచ్చును. ఇది తెలియని యజమాని, రంధ్రములను చూచి తప్పు దొరికినదని సంతసించి వానికి జిగురు పూసినచో, తలుపు కుండవలె నిండును. ముందు అద్దపు క్రిందనుండు కాలువయు ఇట్టిదే. చెట్టు క్రింద నిలిపిన బండిలో వేపాకులు, చింతాకులు చేరి దానిని మూసివేయును.

రబ్బరు పట్టీ సరిగా అంటుచున్నదో లేదో తెలిసికొనుటకు నీరు అక్కరలేదు. తలుపు నడుమ కాగితపు ముక్క నుంచి మూసి లాగవలెను; బిగువుగా రావలెను. సులభముగా జారివచ్చినచో అచ్చట పట్టు లేదు. పట్టీకి సుద్దపొడి రాచి తలుపు మూసి తెరచినను, ఎదుటి రేకుపై గుర్తు పడనిచోటు బయటపడును. అద్దములన్నియు బిగించి, బయటి గాలిని లోనికి తెచ్చు పంకాను పూర్తి వేగమున త్రిప్పి, అతుకులపై సబ్బునీరు పూసినచో, కంత యున్నచోట బుడగలు లేచును. కాని బండి వెనుక గాలి వెడలుటకు ఉంచిన కంతలను ముందుగా మూయవలెను. కర్మాగారములలో పూర్తియైన బండ్లను కృత్రిమ వర్షము క్రింద నడిపి పరీక్షింతురు. చెవికి వినబడని సూక్ష్మధ్వనిని బండి లోపల పుట్టించి, అది ఏ సందున వెలువడుచున్నదో బయట పరికరముతో కనుగొను పద్ధతియు నున్నది.

ఒక బండిలో డ్రైవరు పాదముల వద్ద నీరు నిలిచినదనుకొందము. ముందు అద్దమున తప్పులేదు, తలుపునను లేదు. లోపలివాడు ప్రక్క స్తంభపు పలకను విప్పి చూడగా రేకుమీద సన్నని తడిచార కనబడును. చార పైకి పోయి కప్పు అంచున సామాను కమ్మిని బిగించిన బోల్టు వద్ద ఆగును. బోల్టు క్రింది రబ్బరు బిళ్ళను కూర్చునపుడు మరచిరి. నీరు అచ్చట దిగి, బోలుగానున్న స్తంభములో జారి, పాదముల వద్ద తేలినది. ముందు అద్దమును మార్చినచో ధనము వ్యర్థమగుటయే గాక, తడియు నిలిచియుండెడిది.

బిళ్ళ వేసిన పిమ్మట అదేచోట, అంతేసేపు తిరిగి నీరు పోసి చూడవలెను. తడిసిన స్పాంజిని బయటకు తీసి ఎండలో ఆరవేయవలెను; లేనిచో పాత నీరే క్రొత్త కారుడువలె భ్రమ కలిగించును. తివాచీ క్రింద పొడి వార్తాపత్రికను పరచి యుంచి, తరువాతి వాన వెలిసినపుడు ఎత్తి చూడవలెను. కాగితమున మరక లేనిచో విప్పిన పలకలను తిరిగి బిగింపవచ్చును.