రెండడుగుల నీటికి ఎంత నేల?

సాలూరు చుట్టుపక్కల మనకి నీటిమట్టం అంటే నిలువు లెక్క. పాచిపెంట మండలంలో కొండల నడుమ కట్టిన పెద్దగెడ్డ జలాశయంలోకి రెండడుగుల నీరు కొత్తగా చేరినా గట్టు మీద నిలబడ్డవాళ్లకి పెద్ద తేడా తెలియదు. కొండవాలు మీద తడి గీత కాస్త పైకి జరుగుతుంది, అంతే. చదును నేల మీది సహజ సరస్సు లెక్క వేరు. అక్కడ నీరు పైకి కాదు, పక్కకి పెరుగుతుంది. గట్టు మీంచి చూసేవాళ్లకి అది అందదు.

విశాఖ నుంచి గన్నవరం వెళ్లే చిన్న ఏటీఆర్ విమానంలో ఎడమ కిటికీ దొరికితే వదులుకోకండి. రెక్కలు కిటికీలకి పైన ఉంటాయి కాబట్టి నేల అడ్డం లేకుండా కనిపిస్తుంది. దారి కలిసొస్తే ముందుగా అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య కొండకర్ల ఆవ, ఏలూరు దాటే వేళకి కొల్లేరు కనబడతాయి. ఆంధ్రదేశంలోని పెద్ద సహజ మంచినీటి సరస్సుల్లో ఇవి రెండు.

మొదటి చూపుకి కొల్లేరు నీళ్లలా ఉండదు. గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి పరుచుకుని పచ్చని బీడులా ఉంటుంది. సూర్యుడి ప్రతిబింబం విమానంతోపాటు నేల మీద పరిగెడుతూ ఆ పచ్చదనం మీదికి వచ్చినప్పుడు అడుగునున్న నీరు గడ్డి సందుల్లోంచి తళుక్కుమంటుంది. పొలం అనుకున్నది సరస్సని తెలిసేది ఆ క్షణంలోనే. ఆ తళుకు ఎక్కడిదాకా సాగిందో చూస్తే నీరు ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది.

కొల్లేటి జనం ఈ అంచుని ‘కాంటూరు’ అంటారు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున గీసిన గీత మూడో కాంటూరు. దాని లోపల సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరుకి వచ్చేసరికి 308, పదో కాంటూరుకి 901. రెండే రెండడుగులు పెరిగితే సరస్సు రెట్టింపు దాటిపోతుంది. పళ్లెంలాంటి నేల కావడమే దీనికి కారణం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసే నీరు బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. దాదాపు అరవై కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. పోటు వేళ సముద్రమే ఎదురొస్తుంది. ఆ ఆలస్యమంతా కొల్లేరు ఒళ్లు విప్పి భరించాలి. ఎండల్లో ముడుచుకోవడం, వానల్లో పరుచుకోవడం దాని స్వభావం.

ఆ పరుచుకునే నేలనే మనం తీసేసుకున్నాం. 1970ల నుంచి చేపల చెరువులు మొదలై అంచు పొడుగునా గట్లు లేచాయి. పైనుంచి చూస్తే కలుక్కుమనిపించేది అదే. నీటికి ఉండాల్సిన వంకర అంచు పోయి, గళ్లుగళ్లుగా సరళరేఖలు కనిపిస్తాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది, తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఒప్పుకోలేదు. కాగితం మీద తేడా రెండడుగులే. విమానం కిటికీలోంచి అది 173 చదరపు కిలోమీటర్ల నేల.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచాక ఆ నీరంతా కొల్లేటికే వచ్చింది. లంక గ్రామాలకి రోడ్లు తెగిపోయాయి. నీరు కొత్తగా ఎక్కడికీ రాలేదు, ఎప్పుడూ వచ్చే చోటికే వచ్చింది. అక్కడ గట్లు ఉండడంతో ఊళ్ల మీదికి మళ్లింది.

ఇలాంటివి చూడ్డానికి ఒకప్పుడు చిన్న విమానాలే ఆధారం. 1974లో హైదరాబాదులో ఏర్పడ్డ జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ విమానాలకి కెమెరాలు కట్టి దేశాన్ని ఫొటోలు తీసింది. మామూలు కెమెరాకి గడ్డి కింద నీరు కనబడదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహపు రాడార్ తరంగాలు గడ్డిని దాటి నీటిని తాకి తిరిగొస్తాయి. ఆ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి అదే చోటికి వస్తుంది.

అంటే గట్టు ఎప్పుడు లేచిందో, నీరు ఎక్కడ ఆగిందో ఇక దాచలేరు. ఆ చిత్రాలు అధికారుల కంప్యూటర్లలో ఉంటే చాలదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర, ప్రతి లంక పంచాయతీ గోడ మీద, ఏ నెల నీరు ఎక్కడిదాకా వచ్చిందో అచ్చువేసి అంటించాలి. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతుకి పరిహారం కట్టాల్సిన లెక్క కూడా ఆ చిత్రాల మీదే తేల్చాలి.