ఆడవేషం కట్టినవాళ్లు పిల్లల్ని ఎత్తుకెళతారట!

మళ్లీ మొదలైంది. కెనడాలోనో అమెరికాలోనో నల్లజాతి, ఆదివాసీ కళాకారులు ప్రైడ్ పేరుతో జరుపుకున్న క్యాబరే రాత్రి వీడియో ఒకటి మా బోగోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఈకలు, తళుకుల గౌన్లు, బుట్టంత విగ్గులు. దాని కింద ఎవరో తెలుగులో అతికించిన రాత: ఇలాంటి వేషాలవాళ్లు బిట్రగుంట స్టేషన్లో దిగారు, మగపిల్లల్ని ఎత్తుకెళ్లి కోసి తమలో కలుపుకుంటున్నారు, పదిమందికీ పంపండి. అంత ఖర్చు పెట్టి కుట్టించుకున్న గౌను వేసుకుని వాళ్లు బోగోలు దాకా ఎందుకొస్తారని అడిగినవాడు లేడు. పంపని వాడూ లేడు.

తిరణాలకు డాన్సు వెయ్యడానికొచ్చిన రికార్డింగ్ డాన్సు ట్రూపు వ్యాన్‌ను ఆ మెసేజి నమ్మి ఊరి మొదట్లోనే ఆపేశారు. అందులో ఇద్దరు హిజ్రాలున్నారు. "సంచులు తియ్యండి, చూడాల" అన్నారు కుర్రాళ్లు. తీస్తే ఒక సవరం, పిన్నీసుల డబ్బా, తాడు తెగి ముడేసిన గజ్జెలు, పొట్లంలో సగం తిన్న పులిహోర బయటపడ్డాయి. పిల్లలెవరూ లేరు. తప్పయిందని ఒక్క నోరూ అనలేదు. ముందు జాగ్రత్తట!

ఆ ముందు జాగ్రత్త ఎంత దూరం పోతుందో 2018 మేలో చూశాం. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ హోరెత్తింది. మే 26 రాత్రి హైదరాబాద్ చంద్రాయణగుట్టలో రంజాన్ మాసపు దానం అడుక్కోవడానికి పాలమూరు నుంచి వచ్చిన హిజ్రాల మీద జనం రాళ్లతో పడ్డారు. ఒకరు చనిపోయారు.

ఈ పుకారు వాట్సాప్ కంటే చాలా పాతది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. అందులో మొదటి భాగం సంచార తెగల మీద, రెండో భాగం 'నపుంసకులు' అని వాళ్లు పిలిచినవాళ్ల మీద. పిల్లల్ని ఎత్తుకెళతారని, కోస్తారని అనుమానం ఉంటే చాలు, పేరు పోలీసు రిజిస్టరులోకి ఎక్కేది. రుజువు అక్కర్లేదు. పేరు ఎక్కినవాళ్లు వీధిలోకి కనబడేలా చీరకట్టినా, డబ్బుకు ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ఉత్తరాదిలో మొదలైన ఈ ముచ్చట నిజాం సర్కారుకూ నచ్చింది. 1919లో హైదరాబాద్ కోసం అలాంటి చట్టమే చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలై 6న. అంటే చంద్రాయణగుట్టలో రాళ్లు పడిన రాత్రి కూడా ఆ అనుమానం చట్టం పుస్తకంలో బతికే ఉంది.

మొదటి భాగం సంగతి బోగోలు మండలం వాళ్లకు నేను చెప్పాలా? కప్పరాళ్లతిప్ప మన పక్కనే ఉంది. ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్మెంటులో పెట్టి హాజరు వేయించుకున్నది ఈ చట్టానికి తర్వాత వచ్చిన రూపం పేరు చెప్పే. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ ముద్ర తీసేశారు. అయినా చుట్టుపక్కల ఎక్కడ గొలుసు తెగినా మన నోట ముందొచ్చే ఊరి పేరు ఏదో మీకు తెలుసు. 2018లో జనాన్ని వణికించిన 'పార్థీ గ్యాంగు' పేరు చూడండి. పార్థీలు కూడా ఆ చట్టం కింద ముద్రపడిన తెగే. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా పుకారు తన ముద్దాయిలను ఆ రిజిస్టరులోంచే ఏరుకుంటోంది. "కాంట్రాక్టర్ల గ్యాంగు దిగింది, పిల్లలు జాగ్రత్త" అని మీకెప్పుడైనా మెసేజి వచ్చిందా?

మరి హిజ్రాల గుంపులోకి కొత్తవాళ్లు ఎలా వస్తారంటారా? చాలామంది ఇంట్లో తన్నులు తిని, బడిలో ఎగతాళి పడలేక, పదిహేనో పదహారో ఏట రైలెక్కి వస్తారు. ఎత్తుకెళ్లే పని ఎవరికీ లేదు. గెంటేసే పని మనమే చేస్తున్నాం.

ఆడవేషం కడితే మగతనం పోతుందనే వాళ్లకు రెండు పేర్లు చాలు: స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ. ఇద్దరూ సత్యభామ వేషానికి పెట్టింది పేరు, ఇద్దరికీ పద్మశ్రీ. అదే చీర రిజిస్టరుకెక్కిన హిజ్రా కడితే హైదరాబాద్ చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు ఉండేది!

ఇదంతా కొత్తగా వచ్చిన విదేశీ పైత్యం అనేది ఇంకో మాట. విదేశాల్లో వీళ్లకేదో పూలబాట వేశారన్నట్టు! అమెరికాలో బానిసగా పుట్టిన విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి వాషింగ్టన్‌లో పట్టుగౌన్ల నాట్యాలు నడిపి 1888లో పోలీసులకు చిక్కాడు. కెనడా ప్రభుత్వం ఆదివాసీల పాట్‌లాచ్ వేడుకను 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. వీడియోలో ఆ ఈకలూ తళుకులూ చూసి నవ్వుకున్నాం గానీ, ఆడి పాడినందుకు జైళ్లకు పోయినవాళ్ల వారసుల వేదిక అది. జ్యోతిలక్ష్మి, జయమాలిని క్యాబరేలకు ఈలలు వేసిన తరం ఇవాళ సంస్కృతి గురించి క్లాసు పీకడం మరీ విడ్డూరం.

హిజ్రా శపిస్తే వంశం నిలవదట. నిలవకపోతే ఈ దేశంలో ఇంత జనాభా ఎక్కడిది?

రైళ్లలో, షాపుల దగ్గర డబ్బుకోసం దబాయిస్తారన్నది మాత్రం పూర్తిగా అబద్ధం అనలేను. కొందరు చేస్తారు. ఇవ్వనంటే చీర ఎత్తుతామని బెదిరించడం, జేబులో చెయ్యి పెట్టడం నేనూ చూశాను. ఉద్యోగం ఇవ్వం, అద్దెకు ఇల్లివ్వం, ఇక చెయ్యి చాచడం తప్ప ఏం మిగిల్చామన్న ప్రశ్న ఉంది. అయినా బెదిరింపు బెదిరింపే. రైల్లో జరిగితే 139కి ఫోన్ చేసి ఫలానా బోగీ అని చెప్పండి. చేసినవాళ్ల మీద ఫిర్యాదు చెయ్యండి, మొత్తం గుంపు మీద కాదు.

పిల్లల భయం నిజంగానే ఉంటే దానికీ దారి ఉంది. బిడ్డ కనబడకపోతే 1098కో 112కో చెయ్యండి, వెంటనే స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ రాయించండి. మెసేజి వస్తే ఏ ఊరు, ఏ తేదీ, ఏ స్టేషన్లో కేసు అని పంపినవాణ్ణే నిలదీయండి. జవాబు రాకపోతే చెరిపేయండి. మీరే గ్రూపు అడ్మిన్ అయితే పోస్టు తీసేసి, అది అబద్ధమని ఆ గ్రూపులోనే రాయండి. వచ్చే తిరణాలకు ట్రూపు వ్యాను వచ్చినప్పుడు కమిటీ పెద్దలు ఇద్దరు ముందే ఊరి మొదట్లో నిలబడండి.