వీరుడును మాంత్రికుడును

మారేడ్‌పల్లిలో మా వీథి బాలుడొకడు, "తాతగారూ, నాకు వీరునికంటె మాంత్రికుడే నచ్చినాడు, తప్పా?" అని నన్నడిగెను. ప్రశ్న చిన్నది కాదు. రెండు చిత్రములను ముందుంచుకొని విచారింతము.

1942లో వెలువడిన జెమినీవారి 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి కొనిపోవును. ఆమె వ్రతమను మిషతో వానిని దూరముంచును. కుమారుడు బాలవర్ధి పెరిగి పెద్దవాడై తల్లిని విడిపింప బయలుదేరును.

1951 నాటి విజయావారి 'పాతాళభైరవి'లో తోటరాముడు రాకుమారిని వలచెను. రాజు తనతో సమానమైన సంపద తెమ్మనెను. ఆ సంపదకై రాముడు నేపాళమాంత్రికుని వెంట పోయెను.

మొదటి యాత్రకు మూలము మాతృభక్తి, రెండవదానికి కోరిక. రాముడును మాంత్రికుడును ఆశించిన ప్రతిమ యొక్కటియే. మాంత్రికునకు విద్య కలదు, పట్టుదల కలదు, ధైర్యమును కలదు. మరి భేదమెక్కడ? అతడు తన సిద్ధికై నమ్మి వచ్చినవానిని బలియీయ దలచెను. రాముడో, తన ప్రాణమునే పణముగా నొడ్డెను. "చివరకు రాముడు మాంత్రికునే బలియిచ్చెను గదా!" యందురేమో. నిజమే, కాని అది చంపవచ్చినవాని నుండి తన్ను కాచుకొనుట. మరాఠీయు పరుల కాపురము కూల్చియే తన సుఖము కోరెను.

కావున ఆ బాలునితో నిట్లంటిని: "నాయనా! గోవిందరాజుల సుబ్బారావుగారి నటనను, ఎస్.వి. రంగారావుగారి నటనను మెచ్చుట తప్పు గాదు. మాంత్రికుని పట్టుదలను మెచ్చినను దోషము లేదు. అది యెవరిని బలిగోరుచున్నదో మాత్రము చూచుకొనుము."