ఖనిజ నామాలు – అక్షర శుద్ధి

‘కరము’ అంటే చేయి. ‘ఖరము’ అంటే గాడిద. అక్షరాన్ని ఒత్తి పలికినంత మాత్రాన అర్థం ఇంతగా మారిపోతుంది. నిత్యవ్యవహారంలో ఇటువంటి పొరపాటును సందర్భాన్ని బట్టి సరిదిద్దుకోవచ్చు. శాస్త్ర విషయాలలో ఆ అవకాశం తక్కువ. ఖనిజాల పేర్లు ఇందుకు చక్కని నిదర్శనం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు అతి ప్రాచీనమైన గ్రానైటు శిలలపై నెలకొన్న మెట్టభూములు. ఆ శిలలలో తెల్లని పలుగురాయి, పొరలుగా ఊడివచ్చే నల్లని అభ్రకం కనిపిస్తాయి. ‘పలుగురాయి’ అచ్చతెలుగు మాట. అందులో ఒత్తి పలికే అక్షరం లేదు. ‘అభ్రకం’ సంస్కృత పదం. ‘అభ్రం’ అంటే మేఘం. ‘అబ్రకం’ అని రాస్తే ఆ మూలార్థంతో సంబంధం తెగిపోతుంది. ‘స్ఫటికం’ అనవలసిన చోట ‘స్పటికం’ అని రాయడం కూడా తరచుగా కనిపించే దోషమే. అయితే ‘స్ఫటిక’ శబ్దం నుంచి పుట్టిన ‘పటిక’ దోషం కాదు, అది తద్భవం. తరతరాలుగా ప్రజల నోట రూపుదిద్దుకొన్న మార్పు వేరు, అజాగ్రత్త వల్ల దొర్లిన తప్పు వేరు.

అన్యదేశ్య పదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్లోరిన్, ఫ్లోరైడ్, ఫ్లోరైట్ అనే మూడు మాటలను గమనించండి. ఫ్లోరిన్ ఒక మూలకం. అది ఇతర మూలకాలతో కలిసినప్పుడు ఏర్పడే రూపం ఫ్లోరైడ్. కాల్షియంతో కలిసి ఏర్పడిన సహజ ఖనిజం ఫ్లోరైట్. లోహాలను కరిగించేటప్పుడు ఈ ఖనిజాన్ని చేర్చితే అవి సులువుగా ప్రవహిస్తాయి. అందుకే ‘ప్రవహించు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. ‘డ’కారానికి బదులు ‘ట’కారం రాస్తే నీటిలో కరిగి ఉన్న పదార్థం కాస్తా రాతిలోని ఖనిజమైపోతుంది! ఇక ‘ఫ’ను ‘ప’గా మార్చి ‘ప్లోరైడ్’ అని రాయడం గోడరాతలలో సైతం కనిపించే పొరపాటు.

నల్లగొండ ప్రజలకు ఈ మాట కేవలం పుస్తకాలలోనిది కాదు. శిలలలోని ఫ్లోరైట్, ఎపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి చేరుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ వ్యాధి పేరు ఫ్లోరోసిస్.

పైన చెప్పిన ఎపటైట్ పేరుకు ఒక చరిత్ర ఉంది. ఇతర ఖనిజాలను తలపించి చూపరులను భ్రమింపజేస్తుంది కనుక, ‘మోసగించు’ అనే అర్థం గల గ్రీకు పదం నుంచి 1786లో దానికి ఆ పేరు పెట్టారు. ఫ్లోరిన్ అధికంగా గల రకాన్ని ‘ఫ్లోరపటైట్’ అంటారు. 2008లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఆ పేరును మార్చింది. 2010లో తిరిగి పాత పేరునే నిలిపింది. పేర్లలోని గీతలు, అక్షరాలపై ఉండే ప్రత్యేక చిహ్నాలు ఎలా ఉండాలో కూడా ఆ సంఘం 2008లో నిర్దేశించింది. నార్వే దేశంలోని ఒక దీవి పేరు మీద ఏర్పడిన ‘లోవెనైట్’ అనే ఖనిజ నామంలో ‘ఎ’ అనే రోమన్ అక్షరంపై చిన్న సున్న ఉంటుంది. ఆ సున్నను విస్మరించినవారు దానిని ‘లావెనైట్’ అని చదువుతారు. మనకు ఒత్తు ఎంత ముఖ్యమో వారికి ఆ సున్న అంత ముఖ్యం. తెలుగులో ఆ చిహ్నాన్ని రాయలేము. కాని అది సూచించే ధ్వనిని రాయగలం.

ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970వ దశకంలో ఒక పద్ధతిని రూపొందించింది. నీటిలో సున్నం, పటిక కలిపి, తేరనిచ్చి, వడగట్టడం ఇందులోని ప్రధాన ప్రక్రియ. ప్రపంచమంతటా ఇది ‘నల్లగొండ పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. ఇందులో వాడే పటిక అల్యూమినియం సల్ఫేట్. ‘సల్ఫేట్’ అనవలసిన చోట ‘సల్ఫైడ్’ అని రాస్తే అది వేరొక పదార్థం; దానితో నీరు శుద్ధి కాదు.

కాబట్టి ఖనిజ నామాన్ని రాసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. సంస్కృత పదమైతే మూలరూపాన్ని పాటించాలి. అన్యదేశ్యమైతే దాని ధ్వనిని, ముఖ్యంగా చివరి అక్షరాలను నిర్దుష్టంగా రాయాలి. తద్భవమైతే ప్రజల వాడుకను గౌరవించాలి. ఊరి బావి వద్ద నీటి పరీక్షా ఫలితాన్ని రాసి పెట్టే విద్యార్థి ఈ మూడింటినీ పాటిస్తే, అతడు భాషకే కాదు, ఆ నీరు తాగే వారికీ మేలు చేసినవాడవుతాడు.